లీజు కారు అమ్మకం: పన్ను ఎవరిది, పేరు ఎప్పుడు మారాలి?

పోయిన సంవత్సరం చివరలో ఆండిపట్టి నుండి ఒక పెద్దాయన ఇంగ్లీషులో ఉన్న ఉత్తరం చేతబట్టుకొని మా అనువాద విభాగానికి వచ్చారు. తరతరాలుగా తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదివినది తమిళం. ఆయన కుమారుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నాలుగేళ్లుగా ఒక కారును లీజు మీద నడుపుతున్నాడు. గడువు ముగియవచ్చింది. ఆ కారును ఆండిపట్టిలోనే తమకు అల్లుడి వరస అయ్యే ఒకరికి ఐదు లక్షలకు ఇప్పిస్తానని పెద్దాయన మాట ఇచ్చి, బయానా కూడా పుచ్చుకున్నారు. ఇంతలో లీజు కంపెనీ నుండి ఉత్తరం వచ్చింది. అందులో కారు ధర 5,00,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. 90,000, మొత్తం 5,90,000 అని ఉన్నది.

“బాబూ, నేను మాట ఇచ్చినవాణ్ణి. ఈ తొంభై వేలు ఎవరి నెత్తిన పడవలెను? నెలనెలా అద్దెతో పాటు పన్ను కడుతూనే వచ్చాడు కదా మావాడు?” అని ఆయన అడిగారు.

ఆయన ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. కోయంబత్తూరులోను, మదురైలోను, చెన్నైలోను, బెంగళూరులోను పనిచేస్తూ సొంత ఊళ్లో బండి అమ్మేవారు నేడు అనేకులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి క్రొత్తగా వచ్చి ఇక్కడ వాడిన కారును కొనేవారూ ఉన్నారు. వారందరికీ ఉపయోగపడునట్లు ఈ విషయాన్ని మొదటి నుండి వివరిస్తున్నాము.

లీజు అంటే ఏమిటి, ఏది కాదు

మన ప్రాంతంలో ‘లీజు’ అన్న మాట వినగానే చాలామందికి ఇల్లు గుర్తుకు వస్తుంది. మదురై, తేని వైపు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి ఇంట్లో ఉండి, వెళ్లిపోయేటప్పుడు ఆ మొత్తాన్ని తిరిగి తీసుకునే పద్ధతిని ‘ఒత్తి’ అనీ, లీజు అనీ అంటారు. కారు లీజు అటువంటిది కాదు. ఇది పొలం కౌలును పోలినది. కౌలుదారుడు దున్నుతాడు, పండిస్తాడు, కౌలు చెల్లిస్తాడు; అయితే పొలాన్ని అమ్మలేడు. అలాగే లీజు కారును మీరు నడుపుతారు, నెలసరి అద్దె కడతారు. కారు మాత్రం కంపెనీదే.

‘డ్యూ’ మీద కొన్న కారు వేరు. బ్యాంకు అప్పుతో కొన్నప్పుడు కారు మీదే. అప్పు తీరేవరకు దానిపై బ్యాంకుకు తాకట్టు హక్కు ఉంటుంది. అద్దె కొనుగోలు, అనగా హైర్ పర్చేజ్ అనే మూడవ పద్ధతిలో చివరి వాయిదా చెల్లించిన తరువాత యాజమాన్యం మీకు వస్తుంది. ఈ మూడింటికీ ఆర్.సి. పుస్తకంలో ఒక నమోదు ఉంటుంది. వాడుకలో దాన్నంతటినీ ‘హెచ్.పి.’ అని ఒకే పేరుతో పిలుస్తాము గనుక తికమక కలుగుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 2వ సెక్షన్ 30వ నిర్వచనం ప్రకారం, లీజు లేదా తాకట్టు ఒప్పందం క్రింద వాహనాన్ని తన స్వాధీనంలో ఉంచుకున్న వ్యక్తినే ‘యజమాని’గా భావిస్తారు. కావున లీజు కారు ఆర్.సి.లో మీ పేరే ఉండవచ్చును. ఆ పేరు మిమ్ములను బాధ్యునిగా చేస్తుందే గాని, అమ్మే హక్కును ఇవ్వదు. కంపెనీ తన హక్కును వదలుకున్న తరువాతనే కారు అమ్మకానికి వస్తుంది.

అమ్మకపు పన్ను నుండి జి.ఎస్.టి. వరకు

పెద్దలు ఇప్పటికీ ‘సేల్స్ టాక్స్’ అనే మాటనే వాడుతారు. దానికి తగిన చరిత్ర ఉన్నది. దేశంలో సాధారణ అమ్మకపు పన్నును మొట్టమొదట 1939లో విధించినది మద్రాసు రాష్ట్రమే. అప్పుడు ఆంధ్ర జిల్లాలు కూడా ఆ రాష్ట్రంలోనే ఉండేవి. తరువాత తమిళనాడుకు 1959 నాటి చట్టం, ఆంధ్రప్రదేశ్‌కు 1957 నాటి చట్టం వచ్చాయి. ఆ పిమ్మట విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాట్, ఆంధ్రప్రదేశ్‌లో 2005లోను, తమిళనాడులో 2007లోను అమలయింది. 2017 జూలై 1 నుండి ఇవన్నీ జి.ఎస్.టి.లో కలిసిపోయాయి.

వస్తువును అమ్మకుండా వాడుకోవడానికి మాత్రమే ఇచ్చినా పన్ను వేయవచ్చునని 1982లో రాజ్యాంగానికి జరిగిన 46వ సవరణ స్పష్టం చేసింది. జి.ఎస్.టి.లోనూ ఆ పద్ధతి కొనసాగుతున్నది. లీజు అద్దెను సేవగా లెక్కిస్తారు. అద్దె కొనుగోలును వస్తువు సరఫరాగా లెక్కిస్తారు.

పెద్దాయన అడిగిన రెండవ ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉన్నది. నెలనెలా కట్టిన పన్ను కారును వాడుకున్నందుకు. గడువు చివర కట్టే పన్ను కారును కొన్నందుకు. ఇవి రెండు వేర్వేరు లావాదేవీలు గనుక మొదటి పన్నును రెండవ దానిలో తగ్గించుకోవడానికి వ్యక్తికి వీలు లేదు.

కంపెనీ అమ్మినప్పుడు: రెండు లెక్కలు

లీజు కంపెనీ జి.ఎస్.టి.లో నమోదైన వ్యాపార సంస్థ. కావున అది కారును అమ్మితే పన్ను వర్తిస్తుంది. అయితే ఎంత పన్ను అన్నది ఒక విషయంపై ఆధారపడుతుంది. కంపెనీ కారును క్రొత్తగా కొన్నప్పుడు చెల్లించిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నదా, లేదా?

తీసుకోకపోతే, పాత వాహనాలకు ఉన్న రాయితీ వర్తిస్తుంది. 2018 జనవరి 25 నాటి ప్రకటన ప్రకారం పాత వాహనాల అమ్మకంలో పన్ను మొత్తం ధరపై కాక, మిగులుపై మాత్రమే వేస్తారు. 2024 డిసెంబరు 21న జైసల్మేరులో జరిగిన జి.ఎస్.టి. మండలి 55వ సమావేశపు సిఫారసును అనుసరించి, 2025 జనవరి 16 నుండి ఈ రేటు విద్యుత్ కార్లతో సహా అన్ని పాత కార్లకూ 18 శాతం అయింది. ఆదాయపు పన్ను లెక్కల్లో తరుగుదల చూపిన సంస్థకు మిగులు అంటే, అమ్మిన ధరకూ తరుగుదల పోగా మిగిలిన పుస్తక విలువకూ మధ్య ఉన్న తేడా. ఆ తేడా సున్నా అయినా, అంతకంటె తక్కువ అయినా పన్ను లేదు.

ఉదాహరణకు, కారు పుస్తక విలువ 4,20,000 రూపాయలు, అమ్మకపు ధర 5,00,000 అనుకుందాము. మిగులు 80,000. దానిపై 18 శాతం, అనగా 14,400 రూపాయలు పన్ను. అదే కారును 4,00,000కు అమ్మితే మిగులు లేదు, పన్నూ లేదు.

కంపెనీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకొని ఉంటే ఈ రాయితీ వర్తించదు. కారును మరల లీజుకు ఇవ్వడానికే కొంటారు గనుక లీజు కంపెనీలు సాధారణంగా ఈ క్రెడిట్‌ను వాడుకుంటాయి. అప్పుడు మొత్తం ధరపై ఆ రకం కారుకు ఉన్న మామూలు రేటు పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లకు ఆ రేటు 18 శాతం, వాటి పరిమితిని మించిన పెట్రోలు, డీజిలు కార్లకు 40 శాతం. పెట్రోలు కారు అయితే ఇంజను 1,200 సి.సి., డీజిలు అయితే 1,500 సి.సి., పొడవు 4 మీటర్లు మించనిదాన్ని చిన్న కారుగా భావిస్తారు. పెద్దాయన కుమారునిది చిన్న పెట్రోలు కారు. ఐదు లక్షలపై 18 శాతం, 90,000. కంపెనీ లెక్కలో తప్పు లేదు. అదే పెద్ద కారయి ఉంటే పన్ను రెండు లక్షలు అయ్యేది.

ఒకే కారు, ఒకే ధర. ఒక లెక్కలో 14,400, మరొక లెక్కలో 90,000. కావున కొనుగోలుదారునికి మాట ఇచ్చేముందే కంపెనీని లిఖితపూర్వకంగా అడగవలసిన ప్రశ్న ఇది: “ఈ కారుపై మీరు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారా? పన్నుతో కలిపి నేను చెల్లించవలసిన మొత్తం ఎంత?”

మీరు అమ్మినప్పుడు

కంపెనీ నుండి కారు మీ చేతికి వచ్చిన తరువాత, సొంతానికి వాడుకునే వ్యక్తిగా దానిని మరొక వ్యక్తికి అమ్మితే జి.ఎస్.టి. లేదు. వ్యాపారంలో భాగంగా జరిగే సరఫరాకే ఆ పన్ను. జైసల్మేరు సమావేశం తరువాత “పది లక్షలకు కొన్న కారును ఆరు లక్షలకు అమ్మితే, తేడా నాలుగు లక్షలపై 18 శాతం కట్టాలట” అనే వదంతి ఫోన్లలో విస్తారంగా తిరిగింది. అది రెండు విధాల తప్పు. సొంత కారును అమ్మే వ్యక్తికి ఆ పన్ను లేదు. నమోదైన వ్యాపారికి సైతం నష్టంపై పన్ను ఉండదు.

కొంచెం లాభం వచ్చినా, సొంత వాడకంలో ఉన్న కారును ఆదాయపు పన్ను చట్టం వ్యక్తిగత వస్తువుగా చూస్తుంది గనుక దానిపై మూలధన లాభపు పన్ను ఉండదు. పదేపదే కార్లు కొని అమ్మడం మాత్రం వ్యాపారమే అవుతుంది. ఒక వ్యక్తి నుండి ఒకే లావాదేవీలో రెండు లక్షలు లేదా అంతకు మించిన మొత్తాన్ని నగదుగా పుచ్చుకోరాదు. పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానాగా పడవచ్చును. ధరను బ్యాంకు ద్వారానే తీసుకొనవలెను.

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెప్పే లెక్క ఇక్కడికి సరిపడదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో ఒక వ్యక్తి వద్ద పాత కారు కొన్నవారు పేరు మార్పించుకునే సమయంలో వాడకపు పన్ను చెల్లించవలసి ఉంటుంది. మన దేశంలో అటువంటి సందర్భంలో కొన్నవారు చెల్లించేది పేరు మార్పు రుసుము. బండి వేరే రాష్ట్రానిదైతే రోడ్డు పన్ను.

వ్యాపారపు లెక్కలో ఉన్న కారు

ఆండిపట్టి పరిసరాలలో చీరల నేత, దాని వర్తకం చేసేవారికి ఒక హెచ్చరిక. మీకు జి.ఎస్.టి. నమోదు ఉండి, కారును దుకాణపు ఆస్తిగా చూపి తరుగుదల తీసుకొని ఉంటే, దాని అమ్మకం వ్యాపారపు సరఫరా క్రిందికి వస్తుంది. కొనేవారు సామాన్య వ్యక్తి అయినంత మాత్రాన పన్ను తొలగిపోదు. పుస్తక విలువ 3,00,000 ఉన్న కారును 3,50,000కు అమ్మితే మిగులు 50,000పై 18 శాతం, అనగా 9,000 రూపాయలు చెల్లించవలెను. 2,80,000కు అమ్మితే పన్ను లేదు. అమ్మకానికి ముందు మీ ఆడిటరును పుస్తక విలువ అడిగి వ్రాయించుకొనండి.

పేరు మారనంతవరకు బాధ్యత మారదు

పన్ను లెక్క తప్పితే నష్టం డబ్బుతో ముగుస్తుంది. పేరు మార్పు మరచిపోతే నష్టం ఎంతవరకు పోతుందో చెప్పలేము. ఒక కారు పలువురి చేతులు మారినా ఆర్.సి. మాత్రం మొదటి వ్యక్తి పేరుననే ఉండిపోయింది. 2009లో ఆ కారు వలన ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. పరిహారం ఎవరు చెల్లించవలెనన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో ఆ వ్యక్తే బాధ్యుడని 2018 ఫిబ్రవరి 6న న్యాయస్థానం తీర్పు చెప్పింది. కారును ఎప్పుడో అమ్మివేశానన్న వాదన అతనిని కాపాడలేదు.

కావున చట్టం చెప్పిన గడువులను గుర్తుంచుకొనవలెను. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజులలోగా రిజిస్టరు చేసే అధికారికి తెలియజేయవలెను. కొన్నవారు 30 రోజులలోగా తెలియజేయవలెను. అమ్మినవారి తెలియజేతకు 29వ ఫారం, పేరు మార్పు దరఖాస్తుకు 30వ ఫారం ఉన్నాయి. భీమాను తన పేరున మార్చమని కొన్నవారు 14 రోజులలోగా భీమా సంస్థను కోరవలెను.

లీజు లేదా తాకట్టు నమోదు ఉన్న బండి విషయంలో ఇంకొక మెట్టు ఉన్నది. 51వ సెక్షన్ ప్రకారం ఆ కంపెనీ వ్రాతపూర్వకమైన సమ్మతి లేకుండా పేరు మార్చరు. ఒప్పందం ముగిసినదని కంపెనీ, మీరు ఇద్దరూ సంతకం చేసే 35వ ఫారం సమర్పించి ఆ నమోదును కొట్టివేయించవలెను.

“మిగిలిన డ్యూ నేను కట్టుకుంటాను, బండి ఇప్పుడే ఇచ్చివేయండి” అని కొందరు అడుగుతారు. బంధువు గదా అని అంగీకరించరాదు. ఒప్పందంలో సంతకం మీది. అతడు వాయిదాలు ఆపితే కంపెనీ మిమ్మల్నే అడుగుతుంది. బండి ప్రమాదానికి గురైతే నోటీసు కూడా మీ ఇంటికే వస్తుంది. లీజు కారు విషయంలో అయితే మీది కాని వస్తువును అమ్మినట్లు కూడా అవుతుంది.

పాత కార్ల వర్తకునికి బండి అప్పగించేవారు కూడా జాగ్రత్త వహించవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం, రవాణా శాఖ అనుమతి పొందిన వర్తకునికి బండిని అప్పగించిన సంగతిని పరివాహన్ వెబ్‌సైటులో నమోదు చేయవచ్చును. వర్తకునికి ఆ అనుమతి ఉన్నదా అని ముందుగా అడగండి.

పొరుగు రాష్ట్రపు బండి

బెంగళూరులోనో, తిరుపతిలోనో, హైదరాబాదులోనో రిజిస్టరైన కారును ఆండిపట్టిలో అమ్మితే, ముందుగా అక్కడి రవాణా కార్యాలయం నుండి అభ్యంతరం లేదన్న పత్రం, అనగా ఎన్.ఓ.సి., తీసుకొనవలెను. దీనికి 28వ ఫారం. ఈ సందర్భంలో అమ్మినవారికి ఉన్న గడువు 45 రోజులు. కొన్నవారు తేని ప్రాంతీయ రవాణా కార్యాలయంలో తమిళనాడు నంబరుకు దరఖాస్తు చేసి, కారు వయస్సును బట్టి లెక్కించే జీవితకాల పన్ను చెల్లించవలెను. ధర మాట్లాడుకునే నాడే ఈ పన్ను ఎవరి వంతు అన్నది తేల్చుకొనడం మంచిది. పాత రాష్ట్రంలో ముందే చెల్లించిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరే వీలున్నది. ఇక్కడ పన్ను కట్టిన రసీదును అందుకోసం భద్రపరచవలెను.

క్రమంగా చేయవలసిన పనులు

1. గడువుకు కనీసం రెండు నెలల ముందు కంపెనీని మొత్తం ధర, జి.ఎస్.టి., ఇన్‌పుట్ క్రెడిట్ గురించి లిఖితపూర్వకంగా అడగండి.

2. ఆర్.సి. ఎవరి పేరున ఉన్నదో చూడండి. మీ పేరున ఉంటే 35వ ఫారంతో లీజు నమోదును కొట్టివేయిస్తే చాలును, కారు మీదవుతుంది. కంపెనీ పేరున ఉంటే ముందు మీ పేరుకు, తరువాత కొనేవారి పేరుకు, రెండుసార్లు మార్పు జరుగవలెను.

3. కంపెనీ నేరుగా మీరు సూచించిన వ్యక్తికి అమ్మడానికి ఒప్పుకొంటుందేమో అడగండి. ఒప్పుకొంటే ఒక పేరు మార్పుతో పని ముగుస్తుంది, ఆర్.సి.లో యజమానుల సంఖ్య కూడా అనవసరంగా పెరగదు. కంపెనీ బిల్లులోని జి.ఎస్.టి. మాత్రం అప్పుడూ ఉంటుంది.

4. పన్ను కలిపిన మొత్తం తెలిసిన తరువాతనే కొనేవారితో ధర మాట్లాడి, దానిని కాగితంపై పెట్టండి.

5. బకాయి ఉన్న చలానాలు చెల్లించి, బండి అప్పగించే రోజున తేదీ, సమయం వ్రాసిన రసీదుపై ఇరువురి సంతకాలు తీసుకొనండి. మీ పేరున ఉన్న ఫాస్టాగ్‌ను బ్యాంకుతో చెప్పి మూయించండి.

6. పేరు మారినదా అని పరివాహన్‌లో మీరే చూసుకొనండి. క్రొత్త ఆర్.సి. నకలు మీ వద్ద ఉంచుకొనండి.

ఇక పెద్దాయన సంగతి. ఆ 90,000 కంపెనీ చేసే అమ్మకంపై పడిన పన్ను. చట్టరీత్యా దానిని ప్రభుత్వానికి జమ చేయవలసినది కంపెనీ. బిల్లు ద్వారా దానిని భరించేది కంపెనీ వద్ద కొనే వ్యక్తి. కుమారుడు కొని అల్లునికి అమ్మితే ఆ భారం కుమారునిది. అల్లుడు నేరుగా కంపెనీ వద్ద కొంటే అల్లునిది. వారిద్దరి మధ్య పంచుకోవడం వారి ఒప్పందం. దానిలో చట్టం కలుగజేసుకోదు. ఈ మాటలు వివరించిన తరువాత ఆయన కొంతసేపు లెక్క వేసుకొని, “అయితే బయానా తిరిగి ఇచ్చి, మళ్లీ మొదటి నుండి మాట్లాడుకుంటాము” అన్నారు. నెల తరువాత ఫోను చేసి, అల్లుడు నేరుగా కంపెనీ వద్దనే కొన్నాడనీ, పన్నులో సగం తామే ఇచ్చామనీ, బెంగళూరు నుండి ఎన్.ఓ.సి. కోసం ఎదురుచూస్తున్నామనీ చెప్పారు. పేరు మారేవరకు బండి తమ వాకిటనే ఉంటుందని కూడా అన్నారు.